తల మీద డస్టర్

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నేను అమీర్‌పేట మేడం తమ్మున్ని మాట్లాడుతున్న. అక్క పోయింది సార్. నిన్న పదకొండో రోజు చేసినం. ఆమె క్లాసు రూము ఖాళీ చెయ్యాలె. ఏది ఉంచాల్నో ఏది పారెయ్యాల్నో మాకు సమజైతలేదు. అక్క ఫోన్ల మీ నంబరు 'డస్టర్ తమ్మి' అని ఉన్నది. జర వస్తరా?"

వస్తానన్నాను. డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. ఆవిడకు నా అసలు పేరు గుర్తుందా లేదా అని నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉండేది. అది ఆ రోజుతో తీరిపోయింది. లేదు.

మా ఆఫీసున్న పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో పోయేంత దూరం ఉంది, నడిచేంత దగ్గరా ఉంది. ఆవిడ క్లాసుకు ఇటు నుంచే, ఎప్పుడూ నడిచే వచ్చేవారు. నేనూ నడిచాను.

నాలుగేళ్ల కిందట నేను అమీర్‌పేటలో మూడు కోర్సులు మధ్యలో వదిలేసి, నాలుగోదాని కోసం డెమోలు వింటున్నాను. డెమో అంటే చేరబోయే ముందు ఊరికే కూర్చుని వినే మొదటి క్లాసు. మామిడిపళ్ల బండి దగ్గర ముక్క కోసి ఇచ్చినట్టు, ఆ పేటలో చదువును రుచి చూపించి అమ్ముతారు. నేను ముక్కలతోనే కడుపు నింపుకునేవాణ్ణి. కోడింగు కొరుకుడు పడలేదు. టెస్టింగు నన్నే టెస్టు చేసి వదిలేసింది. అలాంటి రోజుల్లో ఒక టిఫిన్ సెంటర్ మెట్ల గోడ మీద చేతిరాత కాగితం కనిపించింది. "థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియాలో ఇంగ్లీషు టీచరుగా పోతారా? అక్కడ ఏముంటుందో ముందు తెలుసుకోండి. ఉదయం ఆరున్నర." చుట్టూ ఉన్న బోర్డులన్నీ ఉద్యోగం గ్యారంటీ అంటుంటే, ఈ కాగితం మాత్రం దేనికీ హామీ ఇవ్వలేదు. పేటంతా కంప్యూటరు పట్టుకుని పడమటికి పరిగెత్తుతుంటే, ఇంగ్లీషు పట్టుకుని తూర్పుకు పొమ్మనే మనిషి ఎవరా అని మర్నాడు వెళ్లాను.

మేము ఏడుగురం. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. నూలు చీర, భుజాన రెక్సిన్ సంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. గదిలోకి వచ్చి గడియారం చూసుకుని, బోర్డు వైపు తిరిగి ఒక నిమిషం కదలకుండా నిలబడ్డారు. ప్రార్థన కాబోలని మేమూ లేచి నిలబడ్డాం. ఆ తర్వాత ఇటు తిరిగి, మాకెవ్వరికీ తెలియని భాషలో పాఠం మొదలుపెట్టారు. పెన్సిలు ఎత్తి ఏదో అంటారు, కుర్చీ చూపించి ఏదో అంటారు, మమ్మల్ని అనమంటారు. తెలుగు ముక్క లేదు, ఇంగ్లీషు ముక్క లేదు. పావుగంటకు నాకు చెమటలు పట్టాయి. "ఖావ్ జై మై?" అని నా వైపు చూశారు. నేను తలూపాను. అటూ ఇటూ, మెడ అక్కడే ఉండి తల ఒక్కటే తక్కెడలా ఊగుతుందే, ఆ ఊపు.

ఆవిడ దగ్గరికొచ్చి తెలుగులోకి దిగారు.

"సమజైందా అని అడిగిన తమ్మీ. అయిందా?"

"లేదండీ."

"మరి తలెందుకూపినవ్?"

"అలవాటండీ. క్లాసులో టీచరు అడిగితే ఊపుతాం. అర్థమైనా, కాకపోయినా."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బల్ల మీంచి చెక్క డస్టరు తీసి నా నెత్తిన పెట్టారు. ఆ గదిలో ఉన్నది తెల్ల బోర్డు. సుద్దముక్కల కాలం నాటి ఆ డస్టరుకు అక్కడ వేరే పనే లేదు.

"పదహారేండ్లు గిట్లనే ఊపుకుంట చదివినవ్. మీ సార్లు సుత పిల్లగాడు మస్తు తెలివిగలోడని సంబురపడ్డరు. రేపు అక్కడ నీ ముందల నలభై మంది పోరగాళ్లు కూసుంటరు. గిప్పుడు నీకెట్లున్నదో వాళ్లకు గట్లనే ఉంటది. గది యాది పెట్టుకో. ఇంకోటి, గీ ఊపుడు అక్కడోళ్లకు తెల్వదు. వద్దు అనుకుంటరు. నేను థాయ్‌లాండ్ పోయిన మొదటి దినం ప్రిన్సిపాల్ మేడం చాయ్ తాగుతవా అన్నది. తలూపిన. మూడు నెలలు చాయ్ లేదు నాకు."

ఆ రోజు నుంచి ఎవరు జవాబు చెప్పినా నెత్తిన డస్టరుతోనే చెప్పాలి. పడితే మళ్లీ మొదటి నుంచి. నాది అందరికంటే ఎక్కువసార్లు పడింది. ఆ పేరు నాకు అలా వచ్చిందన్నమాట. కానీ మాకందరికీ తెలిసి ఆవిడకు మాత్రమే తెలియని సంగతి ఒకటుంది. "తలూపకుండ్రి" అని చెప్పేటప్పుడు ఆవిడ తల ఊగేది. "అవును" అన్నప్పుడు ఊగేది, ఫోన్లో మాట్లాడుతుంటే ఊగేది, మేము సరిగ్గా చెప్పినప్పుడైతే చెవులకున్న కమ్మలు కూడా వంత పాడేవి. డస్టరు అందరి నెత్తికీ ఎక్కింది, ఆవిడ నెత్తికి తప్ప. ఆ మాట చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. ధైర్యమే ఉంటే అమీర్‌పేటలో ఎందుకుంటాం.

ఆ రెండు వారాల కోర్సులో ఆవిడ వ్యాకరణం ఒక్క ముక్క చెప్పలేదు. మంచి సాక్సులు కొనుక్కోండ్రి అన్నారు. చాలా బళ్లలో చెప్పులూ బూట్లూ తరగతి బయటే విప్పాలట. "బొటనవేలు బయటికొచ్చిన సారుకు ఎంత ఇంగ్లీష్ వచ్చినా దండుగ." ముద్దొచ్చినా, కోపమొచ్చినా పిల్లల తల ముట్టొద్దన్నారు. తల అక్కడ దేవుడి గది లాంటిది, చెయ్యి జేబులో పెట్టుకోవాలి. ఏజెంట్లు ఫోటో అడుగుతారనీ, ఫోటో పంపాక కొందరు మాట్లాడ్డం మానేస్తారనీ, వాళ్లకు కావలసినది ఇంగ్లీషు కాదు తెల్లతోలనీ దాచకుండా చెప్పారు. మా బ్యాచ్‌లో ఒకతను ఇంటర్వ్యూ కోసం అమెరికా యాస సాధన చేస్తుంటే ఆపేశారు.

"పెట్టుడు మీసం లెక్క ఉంటది గది. నాలుగు మాటలకు ఊడొస్తది. హైదరాబాద్ నుంచి వస్తున్న అని మంచిగ చెప్పు. వద్దన్నోడు వద్దంటడు. రమ్మన్నోని దగ్గర నిమ్మళంగ ఉంటవ్."

ఇవన్నీ నవ్వుతూ చెప్పేవారు. ఒక్కటి మాత్రం నవ్వకుండా చెప్పారు. "పిల్లలకు రోజుల లెక్క చెప్పకుండ్రి. రెండు దినాల్ల వస్త అంటే రెండే. వాళ్లు లెక్క పెట్టుకుంట కూసుంటరు." అది చెప్పి, కిటికీ అవతల పోతున్న మెట్రో రైలు చివరి పెట్టె దాటేదాకా చూసి, బోర్డు మీద ఏమీ లేకపోయినా తుడిచారు.

దాని సంగతి నాకు ఉద్యోగం వచ్చిన రోజున తెలిసింది. ఉత్తర థాయ్‌లాండ్‌లో ఒక చిన్న ఊరు. చెప్పగానే ఆవిడ మ్యాపు తీయమన్నారు. వేలితో రెండు ఊళ్ల మధ్య దూరం కొలిచి, "చాయ్ తాగుదాం పా" అన్నారు. పంజాగుట్ట వైపు నడుస్తూ ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం.

"నేను చేసిన బడి గక్కడికి బస్సుల నాలుగు గంటలు తమ్మీ. ఆరేండ్లు చేసిన. తమ్మునికి గీ మాసబ్ ట్యాంక్ కాడ స్కూటర్ యాక్సిడెంటయింది. నడుము పోయింది. ఇంట్ల చంటిపిల్ల. ఫోనొచ్చినప్పుడు నాలుగో తరగతిల ఉన్న. పిల్లలకు చెప్పిన, టెన్ డేస్, పదే రోజులు, మల్ల వస్త అని. చేతులు చూపించి చెప్పిన." రెండు అరచేతులూ టేబుల్ మీద పరిచారు. "వాడు లేసి నడిచెటాల్లకు రెండేండ్లయింది. నా నౌకరీ ఇంకెవరికో ఇచ్చిండ్రు. తమ్మునికి గీ మాట చెప్పలే. కాంట్రాక్టు అయిపోయింది, అందుకే వచ్చిన అన్న. తర్వాత పోవచ్చుండె. మొఖం చెల్లలే."

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుని చాయ్ కప్పు పట్టుకున్నారు.

"నువ్వొకపారి పో గక్కడికి. ఆ పిల్లలు ఉండరు, పెద్దగయి ఉంటరు. ఎవరన్న కనిపిస్తే, టీచర్ సారీ చెప్పింది అను. నా మీద కోపంగున్నరా, అసలు యాదికున్ననా... గది తెల్సుకొని రా. గంతే."

బయల్దేరే ముందు రోజు కాళ్లకు దండం పెట్టబోయాను. ఆశీర్వదించడానికి చెయ్యెత్తారు. ఆ చెయ్యి నా తలకు జానెడు దూరంలో ఆగిపోయింది. తర్వాత రెండో చెయ్యి కూడా వచ్చి దానితో కలిసింది. అక్కడివాళ్ల పద్ధతిలో నాకే నమస్కారం పెట్టారు. ఆరేళ్లు పిల్లల తలలు ముట్టకుండా అణుచుకున్న చేతులవి. నేను ఇక్కడివాణ్ణే, నా తల దేవుడి గది కాదు, అందులో పెద్దగా ఏమీ లేదు, ముట్టొచ్చు అని చెబుదామనుకుంటూనే నేనూ తిరిగి నమస్కారం పెట్టాను.

థాయ్‌లాండ్‌లో మొదటి ఉదయం. పిల్లలంతా మైదానంలో వరసలు కట్టారు. సరిగ్గా ఎనిమిదికి జెండా పైకి లేస్తుంటే, బళ్లో ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. పాట అయ్యాక, ఇంటికి ఫోన్ చేయొచ్చా అని మన టైము చూసుకున్నాను. ఆరున్నర దాటి ఒక నిమిషం.

ఆరున్నర. అమీర్‌పేటలో టిఫిన్ సెంటర్ పైన, బోర్డు వైపు తిరిగి, ఒక నిమిషం. మేము ప్రార్థన అనుకున్నాం. రోజూ ఆ నిమిషం ఆవిడ ఇక్కడ ఉంటున్నారు.

ఆ మధ్యాహ్నం వాళ్ల కూర తిని, కారం తిని పెరిగిన కృష్ణా జిల్లావాణ్ణి, కళ్ల నీళ్లు పెట్టుకున్నాను. అది కారం వల్లేనని అందరికీ చెప్పాను.

రెండో ఏడు చివర్లో, మా బడికి సెలవై మేడం పనిచేసిన ఊరి బడికి సెలవు లేని ఒక రోజున బస్సెక్కాను. బడి దొరికింది. ఇంగ్లీషు టీచరుతో మాట్లాడాలంటే నాలుగో తరగతి గదికి పంపారు. గుమ్మం బయట నలభై జతల బుల్లి చెప్పులు. నేనూ బూట్లు విప్పాను. ఎడమ బొటనవేలు బయటికొచ్చింది. మేడం చెప్పినవన్నీ నేను ఎంత శ్రద్ధగా పాటించానో దాన్నిబట్టి తెలుస్తుంది.

లోపల ఇరవై నాలుగేళ్ల అమ్మాయి పాఠం చెబుతోంది. పేరు నోక్. పిట్ట అని అర్థమట. నన్ను చూసి నమస్కారం పెట్టి, ఎక్కణ్ణించి వచ్చానో అడిగి, పిల్లల వైపు తిరిగి, ఈయన హైదరాబాద్ నుంచి వచ్చారు, అర్థమైందా అని ఇంగ్లీషులో అడిగింది.

"యెస్, టీచర్."

నలభై తలలు ఊగాయి. అటూ ఇటూ, మెడ అక్కడే ఉండి, తక్కెడలా. ఆ దేశంలో రెండేళ్లుగా నేనెక్కడా చూడని ఊపు. చివరి బెంచీలో ఒక బుడ్డది మరీ ఎక్కువగా ఊపితే జడలు రెండూ చెంపలకు కొట్టుకున్నాయి. నోక్ వాళ్లను మెచ్చుకుంటూ తనూ ఊపింది.

తల ఎందుకలా ఊపుతారని అడిగాను. నోక్ నన్ను వింతగా చూసింది. ఇంగ్లీషులో యెస్ అంటే అలాగే అనాలి కదా, మా టీచర్ నేర్పింది అంది. నోటితో యెస్, తలతో యెస్. రెండూ కలిస్తేనే ఇంగ్లీషు.

పిల్లల్ని మళ్లీ ఒకసారి ఊపించి ఫోన్లో వీడియో తీసుకున్నాను. తర్వాత బయట అరుగు మీద కూర్చుని మేడం చెప్పమన్న సారీ చెప్పాను. నోక్ తన సాక్సుల వైపు చూసుకుంటూ చెప్పింది. అప్పుడు నాలుగో తరగతికి తనే క్లాసు లీడరట. టీచర్ వెళ్లిన రోజు బోర్డు మూలన సుద్దతో పది గీతలు గీసింది. రోజుకొకటి తుడిపింది. పదకొండో రోజు ఏం చేశావని అడిగాను.

మళ్లీ పది గీశాను, అంది.

మార్చి సెలవుల దాకా అలాగే గీసిందట. అయిపోతే మళ్లీ పది. కోపం రాలేదా అంటే, వచ్చింది అంది. తర్వాత నేను టీచర్నయ్యాను, అంది. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఏముందో అడగడానికి నాకు ఆ భాష చాలలేదు. ఏ భాషయినా చాలేది కాదేమో.

ఆ వీడియో మేడంకు పంపలేదు. చూసేటప్పుడు ఆవిడ మొహం చూడాలనిపించింది. పోయొచ్చానండీ, వచ్చాక చెబుతానని మాత్రం మెసేజ్ పెట్టాను. మూడు నెలల తర్వాత నా కాంట్రాక్టు అయిపోయి వచ్చేదాకా, ప్రతిదీ తరిచి అడిగే ఆ మనిషి ఒక్క ప్రశ్న వేయలేదు.

వచ్చిన మర్నాడు పొద్దున్నే గదికి వెళ్లాను. క్లాసు అయిపోయి ఒక్కరే ఉన్నారు. ఫోన్ ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చూశారు. మొహం చిట్లించారు.

"గిదేంది? యెస్ అనుకుంట గిట్లూపుతున్నరేంది పోరగాళ్లు? ఎవరు నేర్పిండ్రు గీ పాడలవాటు?"

"మీరే మేడం."

"నేనా?"

"మీరు నోక్‌కి. నోక్ వాళ్లకి."

"నేను ఊపుతనా తమ్మీ?" అని తలూపారు.

నేను బల్ల మీది డస్టరు వైపు చూశాను. ఆవిడా చూశారు. తర్వాత నవ్వు మొదలైంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూలబడి, కింద టిఫిన్ సెంటర్ అతను మెట్ల దగ్గరికొచ్చి ఏమైంది మేడం అని అడిగేదాకా నవ్వారు. "మల్ల పెట్టు" అన్నారు. మళ్లీ పెట్టాను. నాలుగోసారికి నవ్వు లేదు. జడల పిల్ల దగ్గర ఆపమన్నారు.

"కోపంగున్నదా నోక్?"

అబద్ధం చెబుదామనే వచ్చాను. కానీ రెండు వారాలు ఆ గదిలో కూర్చున్నవాణ్ణి. గీతల సంగతి చెప్పాను. ఆవిడ విని, లేచి, శుభ్రంగా ఉన్న బోర్డును పై నుంచి కింది దాకా తుడిచారు.

"పదకొండో దినం మల్ల పది గీసింది," అన్నారు బోర్డుతో.

నేను వంగి కాళ్లకు దండం పెట్టాను. ఈసారి చెయ్యి ఆగలేదు. నా తల మీద బరువుగా, వెచ్చగా, చాలాసేపు ఉంది.

ఆ నెలలోనే ఒక ఉదయం ఏడింటికి, అక్కడ జెండా పాట అయ్యాక, వాళ్ల తరగతికి వీడియో కాల్ చేశాం. నోక్ ఏమీ మాట్లాడలేక ఫోన్ పిల్లల వైపు తిప్పేసింది. జడల పిల్ల ముందుకొచ్చి, ఎప్పుడొస్తావు టీచర్ అని అడిగింది. మేడం చేతులు రెండూ పైకి లేవబోయాయి. వాటిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "ఐ విల్ కమ్," అన్నారు. అంతే. రోజుల లెక్క చెప్పలేదు. తల మాత్రం ఊగింది.

ఆ తర్వాతి బ్యాచ్‌లలో డస్టరు ఎవరి నెత్తికీ ఎక్కలేదని విన్నాను. నేను పంజాగుట్టలో ఒక కాల్ సెంటర్ ఆఫీసులో చేరాను. ఫోన్లెత్తేవాళ్లకు ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పడం నేర్పుతాను. వస్తాను మేడం, ఈ ఆదివారం వస్తాను అని ఆవిడకు ఫోన్లో ఎన్ని ఆదివారాలు చెప్పానో నాకు గుర్తు లేదు. ఆవిడకు ఉండి ఉంటుంది.

ఆ మంగళవారం నేను వెళ్లేసరికి గదిలో మేడం తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి వచ్చాడట. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించాడు. నడుస్తుంటే ఒక పక్కకు వంగుతాడు.

"మొన్న జనవరిల పాస్‌పోర్ట్ కొత్తది చేయించుకున్నది సార్. మే నెల అక్కడ బళ్లు తెరుస్తరు, ఒకపారి పోయొస్త అన్నది. అంతల గుండె నొప్పి. గివి సూడుండ్రి." రెక్సిన్ సంచిలోంచి చీటీ కూడా తీయని రెండు జతల సాక్సులు తీసి చూపించాడు. "ఎప్పుడూ రబ్బరు చెప్పులే మా అక్కకు. ఎందుకు కొన్నదో."

నాకు తెలుసు. వాటిని తీసుకుని మళ్లీ సంచిలో పెట్టాను.

"గా దేశంల మంచిగుండె అంటుండె. కాంట్రాక్టు అయిపోయింది గని, లేకుంటే అక్కడనే ఉండేదేమో. నా కిస్మత్, నాకు దెబ్బ తాకినప్పుడే అయిపోయింది."

అతని నడుము వైపు చూశాను. ఆవిడ ఇన్నేళ్లూ దాచిన దాన్ని తీసి బయట పెట్టే పని నాది కాదు. చేతికి ఏదో ఒకటి కావాలి కాబట్టి బల్ల మీది డస్టరు తీసుకున్నాను. అంచులు అరిగి నున్నబడ్డాయి. మా అందరి నెత్తులూ కలిసి అరగదీసినవి. ఎందుకో నా నెత్తిన పెట్టుకున్నాను.

అతను నన్ను చూసి కొంచెం నవ్వి, మళ్లీ గంభీరమయ్యాడు.

"నేనెన్నడు అక్క క్లాసుకు రాలే సార్. ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. మంచిగ చెప్పేదా మా అక్క?"

నోటితో జవాబు చెప్పాలని గట్టిగా ప్రయత్నించాను.

డస్టరు కింద పడింది.